ఒక బావి, రెండు గిలకలు

జనవరి 4, 2025, శనివారం

శుభలేఖలు ప్రెస్సు నుంచి వచ్చాయి. పసుపు రాయడం రేపు. ఇవాళ జాబితా రాద్దామని కూర్చున్నాను. పెద్దమ్మాయి పెళ్లి మాఘంలో, ఎంతో టైము లేదు.

పిలుపులు రెండు రకాలు. వెళ్ళి బొట్టు పెట్టి పిలవాల్సినవాళ్ళు ఒక రకం, ఫోన్ చేసి కార్డు వాట్సాప్‌లో పంపితే చాలనుకునేవాళ్ళు రెండో రకం. ఏ పెళ్లిలోనైనా తగాదాలు వచ్చేది ఈ రెంటి మధ్య గీత దగ్గరే. ఆ గీత ఎక్కడ గీయాలో మా ఇంట్లో నాకే తెలుసు. ఆయన వైపు చుట్టాలకి కూడా. ఆయన్నడిగితే "అందరికీ వాట్సాప్ కొట్టేయ్" అంటారు.

మొదట రేపల్లె పిన్నికి చెయ్యాలనుకున్నాను. ఫోన్లో "రేపల్లె" అని కొట్టాను, రాలేదు. "పిన్ని" అని కొట్టాను, ఒక్క పిన్నీ లేదు. చీరాల పిన్ని లేదు, బాపట్ల పిన్ని లేదు. "అక్క" కొడితే ఆయన అక్కయ్య ఒక్కరే వచ్చారు. వాట్సాప్ తెరిస్తే పేర్లుండాల్సిన చోట వట్టి నంబర్లు. కొందరికి నంబరు పక్కన వాళ్ళు పెట్టుకున్న పేరు కనిపిస్తోంది, కానీ సగంమంది అక్కడ ఒక దండం బొమ్మో పువ్వో పెట్టుకున్నారు. డీపీలు చూసి పోల్చుకోబోయాను. వెంకటేశ్వరస్వాములు ఏడుగురు, సాయిబాబాలు నలుగురు, గులాబీలు రెండు. పిన్ని గులాబీయో, ఏడుగురు స్వాముల్లో ఒకరో.

పోయినవి ఎన్నో కూడా చెప్పలేను. ముప్ఫై ఏళ్ళుగా బడిలో లెక్కలు చెబుతున్నదాన్ని, నా ఫోన్లో పేర్లెన్నున్నాయో ఒక్కనాడూ చూసుకోలేదు.

జనవరి 6, సోమవారం

బడి అయ్యాక ఫోన్ల దుకాణానికి వెళ్ళాను. కుర్రాడు ఫోను అటూ ఇటూ తిప్పి "ఫార్మాట్ కొట్టి రికవరీ సాఫ్ట్‌వేర్ వేస్తే వస్తాయండి, 500 అవుద్ది" అన్నాడు. ఉన్నవి చెరిపేస్తే లేనివి ఎలా వస్తాయని అడిగాను. "అదంతేనండి" అన్నాడు. ఫోను తీసుకుని వచ్చేశాను. ఇలాంటి జవాబు రాసిన పిల్లాడికి నేనెప్పుడూ మార్కులు వెయ్యలేదు.

ఇంటికొచ్చి సిమ్‌లో వెతికాను. 61 పేర్లున్నాయి, అన్నీ నోకియా రోజులవి. అప్పట్లో పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టేదాన్ని. సిమ్‌లో పేరుకి చోటు తక్కువ, పొడుగు పేరైతే తోక కోసేసేది. అందుకే "గుంటూరు పెద్దత్తయ్య గారు" కాస్తా "గుంటూరు పెద్దత్" దగ్గర ఆగిపోయారు. మనిషికి ఒక్క నంబరే పట్టేది. మామూలు సిమ్‌లో ఓ 250 దాకా పడతాయని అప్పట్లో అనుకునేవాళ్ళం. అదే గొప్ప.

రేపల్లె పిన్ని అందులోనూ ఉంది, ల్యాండ్‌లైన్ నంబరుతో. చేశాను. ఆ నంబరు మనుగడలో లేదంది.

జనవరి 8, బుధవారం

బీరువా అడుగునుంచి మా పెళ్లి చదివింపుల పుస్తకం తీశాను. 1996. పేరు, ఊరు, ఎంత. "రూ. 116", "రూ. 51", "స్టీలు బిందె". రాసింది మా చిన్నాన్న, గుండ్రటి దస్తూరి. ఫోన్ నంబర్ల వరస లేదు. ఆ రోజుల్లో అంతమందికి ఫోన్లెక్కడివి? అయినా జాబితాకి ఇదే ఆధారమైంది. ఎవరిని మర్చిపోకూడదో వాళ్ళంతా ఇందులో ఉన్నారు. పైగా ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్క పేరు కూడా దానంతటది మాయం కాలేదు.

జనవరి 9, గురువారం

ఇవాళ అసలు సంగతి బయటపడింది.

మా అత్తగారు గుంటూరులో మరిది దగ్గరున్నారు. ఆవిడకి ఫోన్ చేద్దామని "అత్తయ్య" కొడితే లేదు. ఉన్నది ఒక్కటే కార్డు, "అమ్మ". నొక్కితే "ఏమే, పసుపు దంచటం ఎప్పుడు పెట్టుకున్నారు?" అని మా అమ్మ గొంతు. పెట్టేసి ఆ కార్డు తెరిచి చూశాను. "అమ్మ" అన్న ఒక్క పేరు కింద రెండు నంబర్లు. ఒకటి మా అమ్మది, ఒకటి మా అత్తగారిది.

ఇదివరకు నా ఫోన్లో అమ్మలు ఇద్దరు, అత్తయ్యలు ఇద్దరు ఉండేవారు. పైన ఉన్న అమ్మ ఆయనకి, కింద ఉన్న అమ్మ నాకు. అయిదారేళ్ళుగా అలవాటైపోయింది. ఫోను కొన్నప్పుడు దుకాణంవాడు ఆయన నంబర్లు కూడా నా దాంట్లోకి ఎక్కించాడనీ, అది ఆ ఒక్కరోజు జరిగిపోయిన పని అనీ అనుకున్నాను.

ఆయన్ని పిలిచి చూపించాను. కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. బ్యాంకులో ముప్ఫై ఆరేళ్ళు చేసిన మనిషి, తప్పు దొరికితే ముందు కళ్ళజోడు తుడుస్తారు.

"పోయిన నెల్లో ఫోను నిండిపోయిందని ఒకటే గోల పెట్టింది. నీ వాళ్ళ నంబర్లన్నీ నా దాంట్లో పడున్నాయి. నీ ఫోన్లో ఎలాగూ ఉన్నాయి గదా అని నా దాంట్లోవి తీసేశా. ఒకే పేరు రెండుసార్లు ఉన్నవి కలపమంటారా అని అడిగింది, కలపమన్నా."

అదీ జరిగింది. చిన్నమ్మాయికి విజయవాడ హాస్టలుకి ఫోన్ చేశాను. విని నవ్వింది, ఆ తర్వాత నవ్వలేదు.

అది చెప్పింది నాకర్థమైనంతలో ఇది. 2019లో దుకాణంవాడు నా ఫోన్లో కూడా ఆయన జీమెయిలే పెట్టాడు. నాకు వేరే తెరవడం వాడికి పది నిమిషాల పని, బద్ధకించాడు. అప్పట్నుంచీ నేను దాచిన ప్రతి నంబరూ ఆయన అకౌంటులోకి వెళ్తోంది, ఆయన దాచినది నా ఫోన్లోకి వస్తోంది. మేం రెండు పుస్తకాలనుకున్నది ఒకటే పుస్తకం. ఒకే బావికి రెండు గిలకలున్నట్టు. ఆయన అటువైపు నించుని తోడేశారు, ఇటు నా బొక్కెనకి బురద వచ్చింది.

"బ్యాకప్ అంటారుగా మరి, క్లౌడ్‌లో దాచి ఉండవూ?" అన్నాను.

"అమ్మా, నీది బ్యాకప్ కాదు, సింక్. ఇక్కడేం చేస్తే అక్కడా అదే చేస్తుంది. రాసినా, కొట్టేసినా. కొట్టేసినవి ముప్ఫై రోజులు చెత్తబుట్టలో ఉంచుతుంది. నాన్న ఏ రోజు తీసేశారు?"

ఆయనకి తేదీ గుర్తులేదు. డిసెంబరు అన్నారు. డిసెంబరులో ఎప్పుడని అడిగితే పెన్షన్ పడ్డాక అన్నారు. పెన్షన్ ఒకటో తారీఖునే పడుతుంది.

ఒకటో తారీఖే అయితే అన్నీ పోయినట్టే.

జనవరి 10, శుక్రవారం

రాత్రి నిద్ర పట్టలేదు. పేర్లు గుర్తు చేసుకుంటూ పడుకున్నాను. నంబరు మాత్రం ఒక్కటి కూడా నోటికి రాదు, మా పుట్టింటి పాత ల్యాండ్‌లైన్ తప్ప.

ఇంకో సంగతి. పేర్లు తీసేస్తే ఫోను ఖాళీ అవుతుందన్నది ఉత్త భ్రమ. వెయ్యి పేర్లూ నంబర్లూ కలిపినా ఒక్క ఫోటోకి పట్టేంత చోటు పట్టదు. ఆయన ఫోను నింపింది రోజూ పొద్దున్నే వచ్చే శుభోదయం వీడియోలు. అవన్నీ పదిలంగా ఉన్నాయి.

జనవరి 12, ఆదివారం

చిన్నది నిన్న రాత్రి పండక్కి వచ్చింది. పొద్దున్న కాఫీ కూడా తాగకుండా ల్యాప్‌టాప్ తెరిపించాను. గూగుల్ కాంటాక్ట్స్‌లో ఎడమ పక్కన "ట్రాష్" అని ఉంది. నొక్కింది.

388 పేర్లు. రేపల్లె పిన్ని, చీరాల పిన్ని, బాపట్ల పిన్ని, మా బడి హెడ్‌మాస్టరు, పూలు, ఇస్త్రీ, కుట్టు మిషను. పక్కనే తీసేసిన తేదీ: డిసెంబరు 17. ఇవాళ్టికి 26 రోజులు. మరో నాలుగు రోజులు ఆలస్యమైతే కనుమ మర్నాటికి అంతా తుడిచిపెట్టుకుపోయేది. పెన్షన్ సంగతి అడిగితే "పదిహేడున పాత బకాయి ఏదో పడింది" అన్నారు ఆయన. పోనీ, అదే దేవుడు.

అన్నిటినీ ఎంచుకుని వెనక్కి తెచ్చెయ్యమన్నాను. చిన్నది ఆగమంది. ట్రాష్ నుంచి తెస్తే తీసేసినవి మాత్రమే వస్తాయట, కలిపేసినవి విడిపోవట. ఆ కలపడంలో పేరు ఒకటైనవాళ్ళనీ నంబరు ఒకటైనవాళ్ళనీ జత చేసింది. నా "అమ్మ", ఆయన "అత్తయ్య" ఒకే నంబరు. ఆయన "అమ్మ", నా "అత్తయ్య" ఒకే నంబరు. మళ్ళీ ఇద్దరు "అమ్మ"లకీ పేరు ఒకటే. అలా నాలుగు కార్డులు ఒకటైపోయాయి. మా అమ్మనీ అత్తగారినీ ఒక్కటి చెయ్యడం మేమిద్దరం ఇరవై తొమ్మిదేళ్ళలో చెయ్యలేకపోయిన పని.

గూగుల్‌ని అనడానికేం లేదు. దానికి అమ్మ అంటే ఒక మనిషి పేరు. మనకి అది పేరు కాదు, మనం ఎక్కడ నించుని పిలుస్తున్నామో దాన్ని బట్టి మారే మాట. "బావగారు" అని నా ఫోన్లో ఉన్నాయన ఆయన ఫోన్లో "అన్నయ్య". "వదిన" అని ఆయన రాసుకున్నావిడ నాకు "అక్కయ్య". ఇంటిపేర్లతో రాసుకుని ఉంటే ఈ గొడవే లేకపోయేది. కానీ పిన్నిని ఇంటిపేరుతో ఎవరు రాసుకుంటారు?

విడదీసే దారి వేరే ఉంది. సెట్టింగ్స్‌లో "మార్పులు రద్దు" అనేది. పది నిమిషాల కిందటికి, గంట కిందటికి, నిన్నటికి, వారం కిందటికి, లేదా మనం చెప్పిన రోజుకి పుస్తకం మొత్తాన్ని తిప్పుతుంది, ముప్ఫై రోజులు దాటకుండా. అయితే ఆ రోజు తర్వాత కొత్తగా రాసుకున్నవి పోతాయి. డిసెంబరు 17 తర్వాత నేను రాసుకున్నవే పెళ్లికి ముఖ్యమైనవి: కల్యాణమండపం, వంట మేస్త్రి, సన్నాయి మేళం, షామియానా, పూల మండపం, వీడియో, పురోహితులు, ప్రెస్సు. వాటిని ఒక కాగితం మీద రాయించింది. 14 తేలాయి. తర్వాత ఉన్నదంతా ఉన్నట్టు ఒక ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి ల్యాప్‌టాప్‌లో దాచింది. అప్పుడు 27 రోజులు అని కొట్టి, నా ముఖం చూసి, నొక్కింది.

మా ఇద్దరి ఫోన్లూ బల్లమీద పక్కపక్కనే పెట్టుకుని చూస్తూ కూర్చున్నాం. ఓ నిమిషానికి నా దాంట్లో పిన్నులు దిగారు. ఇద్దరు అమ్మలు, ఇద్దరు అత్తయ్యలు, ఎవరి చోట వాళ్ళు.

రేపల్లె పిన్నికి వెంటనే చేశాను. "ఇప్పుడా గుర్తొచ్చాం?" అంది. ఫోను పాడైందన్నాను. అందరూ అదే చెబుతారంది.

జనవరి 13, సోమవారం, భోగి

మంటలో వెయ్యడానికి పాత కుర్చీ ఒకటి దొరికింది. ఆయన తన ఫోను కూడా వేసేస్తానన్నారు. ఎవరూ ఆపలేదు. వెయ్యలేదు.

మధ్యాహ్నం నా ఫోన్లోంచి కూడా ఒక నకలు తీశాం, వీసీఎఫ్ ఫైలు. విజిటింగ్ కార్డుని కంప్యూటరుకి అర్థమయ్యేలా రాసే పద్ధతి అది, 1990ల నాటిది. అందుకే ఏ కంపెనీ ఫోనైనా చదువుతుంది. లోపలేముందో చూద్దామని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. ఇంగ్లీషు పేర్లు మామూలుగా ఉన్నాయి, తెలుగు పేర్లు మాత్రం సమానం గుర్తులూ అంకెలూ ఇంగ్లీషు అక్షరాల వరసలూ. "=ఈ0=బీ0=బీ0" అంటే "ర" అట. చూస్తూ పోతే మన అక్షరాలన్నీ "ఈ0"తోనే మొదలవుతున్నాయి, దాని వెనక "బీ0" లేకపోతే "బీ1". అంటే తెలుగు అక్షరాలన్నిటికీ ఇంటిపేరు ఒకటే. నోరారా మూడక్షరాలనే రేపల్లె ఇక్కడ ఎన్ని గుర్తులైందో లెక్కపెట్టాను. 63. ఏత్వాలూ ఒత్తులూ విడివిడిగా లెక్కకొస్తాయి మరి.

భయపడక్కర్లేదు, ఫోను మళ్ళీ తిన్నగానే చదువుకుంటుంది. ఇంకో రకం ఫైలుంది, సీఎస్‌వీ, దాన్ని ఎక్సెల్‌లో నేరుగా తెరిచి పాడు చేసుకునేవాళ్ళు ఎక్కువట. పిచ్చి గీతలు కనిపిస్తాయి, అలాగే సేవ్ చేస్తే ఇక అంతే. నేను తెరవలేదు.

జనవరి 15, బుధవారం, కనుమ

పంపకాలు.

నాకు సొంతంగా ఒక జీమెయిల్ తెరిచింది చిన్నది. ఇప్పుడు ఉమ్మడి పుస్తకంలోంచి నావి నాకు రావాలి. మొత్తం 1,146 పేర్లు. వరండాలో చాప వేసుకుని, ఆయన ఆ చివర, నేను ఈ చివర, మధ్యలో చిన్నది ల్యాప్‌టాప్‌తో. అది పేరు చదువుతుంది, "నాన్నా? అమ్మా?" అంటుంది. నావాటికి "అమ్మ" అని లేబుల్ తగిలిస్తుంది. పెద్దది గారెలు తింటూ మధ్యవర్తి పెద్దమనిషిలా కూర్చుంది.

మా మామగారు పోయాక అన్నదమ్ములు పొలం పంచుకున్న రోజుకన్నా ఇవాళే మాటలు ఎక్కువ దొర్లాయి. పాలు, గ్యాసు, కరెంటాయన, కుళాయాయన ఇద్దరికీ ఉండాలి, అందులో పేచీ లేదు. చుట్టాల దగ్గర వచ్చింది. ఆయన మేనత్త కూతురు నంబరు నాకెందుకు అన్నారు. "పోయినేడు ఆవిడ పుట్టినరోజుకి ఫోన్ చేసిందెవరు?" అన్నాను. రాసెయ్యమన్నారు. ఆయన చిన్ననాటి స్నేహితుల భార్యలు నాకే వచ్చారు. బ్యాంకువాళ్ళంతా ఆయనకి. ఆయన తోడబుట్టినవాళ్ళు ఇద్దరికీ. చివరికి లెక్క చూస్తే నా వైపు 803, ఆయన వైపు 512, రెండు వైపులా ఉన్నవి 169. కలిపి తీసేస్తే సరిగ్గా 1,146 వచ్చింది. నాకదో తృప్తి.

ఎవరూ ఒప్పుకోని పేర్లు కొన్ని తగిలాయి. "ఎత్తొద్దు", "ఎత్తొద్దు 2", "స్కూటర్ కొత్త". "ఎత్తొద్దు" ఎవరో ఇద్దరికీ గుర్తులేదు. నేను నావైపు వేయించుకున్నాను. ఎవరైతేనేం, అప్పుడేదో కారణం ఉండే ఉంటుంది.

ఆ లేబుల్ ఉన్నవాటిని ఒక ఫైలుగా తీసి, నా కొత్త అకౌంటులోకి ఎక్కించింది. ఫోన్లో పాత అకౌంటు తీసేసి కొత్తది పెట్టింది. ఇకమీదట ఏ నంబరు రాసినా ఫోనుకో సిమ్‌కో కాకుండా ఈ అకౌంటుకే వెళ్ళేలా డిఫాల్ట్ మార్చింది. సిమ్‌లో ఉన్న 61 కూడా ఇటు దిగుమతి చేసింది, "పెద్దత్" దగ్గర కోసేసినవాళ్ళకి తోక తగిలించాను. పాత అకౌంటులో నా పేర్లు పెళ్లయ్యేదాకా తీయొద్దంది. ఫైలు నకలు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి బీరువాలో, చదివింపుల పుస్తకం పక్కన పెట్టాను. అది మాత్రం బ్యాకప్, ఎవరేం తుడిచినా దానికి తెలియదు. మూడు నెలలకోసారి కొత్తది తీయమంది. ఉగాదికి ఒకటి అనుకున్నాను.

జనవరి 18, శనివారం

ఫోన్ల పని మొదలుపెట్టాను. పిలుపులు 40 దాకా అయ్యాయి. వెనక్కి తెచ్చుకున్న నంబర్లన్నీ మనుషుల్ని తెచ్చివ్వవని ఇవాళ తెలిసింది. చీరాల పిన్ని నంబరుకి చేస్తే ఎవరో కుర్రాడు హిందీలో మాట్లాడాడు. వాడకం ఆగిన నంబరుని కనీసం 90 రోజులు పక్కన పెట్టి తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తారట. పిన్నికి కొడుకు కొత్త నంబరు తీసిచ్చాడని మేనమామ చెప్పాడు. అమెరికాలో ఉన్న మేనల్లుడికి ముందు +91 లేకుండా రాసుకున్న మన నంబర్లేవీ నేరుగా కలవవట, వాడు ఒక్కొక్కటీ దిద్దుకుంటున్నాడు. నా జాబితాకి కూడా +91 తగిలించమన్నాడు. 803కి! పెళ్లయ్యాక.

ఎవరు ఫోన్ చేస్తున్నారో పేరు చూపించే యాప్ ఒకటి వేసుకోమని మా స్టాఫ్‌రూములో ఒకరన్నారు. వేసుకోబోతే నా కాంటాక్ట్స్ చదవడానికి అనుమతి అడిగింది. ఆగాను. 2020 డిసెంబరులో తెలంగాణలో అప్పుల యాప్‌ల గొడవ పేపర్లో రోజూ చదివాం. అప్పు తీసుకున్నవాడి ఫోన్లోంచి నంబర్లు లాగి, అత్తమామలకీ ఆఫీసువాళ్ళకీ ఫోన్లు చేసి పరువు తీశారు. ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. తర్వాత 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు అప్పుల యాప్‌లు ఫోన్లోని కాంటాక్ట్స్ జోలికి పోకూడదంది. 2023 మే 31 నుంచి గూగుల్ కూడా తన ప్లే స్టోర్‌లో వాటికి ఆ అనుమతి తీసేసింది. అప్పు చేసింది ఒకరు, తిట్లు తిన్నది ఆ పుస్తకంలో పేరున్న పాపానికి మిగిలినవాళ్ళు.

ఆ లెక్కన నా 803 మందిలో ఎవర్నడిగి నేను వాళ్ళ నంబర్లు క్లౌడ్‌లో పెట్టాను? పిన్నిని అడిగానా? 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ఇంటి అవసరాలకి వాడుకునే మనలాంటివాళ్ళని పట్టించుకోదు. ఆ చట్టం నియమాల ముసాయిదా ఈ నెల మూడోతేదీనే విడుదలైంది. చట్టం వదిలేసిందని నా పుస్తకం ఇంకో యాప్‌కి ఇవ్వబుద్ధి కాలేదు. అనుమతి ఇవ్వలేదు. తెలియని నంబరైతే ఎత్తి "ఎవరండీ" అని అడుగుతాను.

జనవరి 26, ఆదివారం

జెండా ఎగరేసి, పిల్లలకి బిళ్ళలు పంచి, పదింటికి ఇంటికొచ్చాను. పిలుపులు ముప్పాతిక అయ్యాయి.

నరసరావుపేట నుంచి మన పెద్దదానికి మొదట వచ్చిన సంబంధంవాళ్ళు మంచివాళ్ళు, కుదరకపోయినా మాట పోలేదు, వాళ్ళనీ పిలుద్దామనిపించింది. "సంబంధం" అని కొట్టాను. నేను నాలుగేళ్ళుగా రాసుకున్నవి: సంబంధం గుంటూరు, సంబంధం నరసరావుపేట, సంబంధం ఖమ్మం, సంబంధం డాక్టరు, సంబంధం అమెరికా, సంబంధం అమెరికా వద్దు. 31 ఉండాలి. పంపకాల రోజు చదువుతుంటే పెద్దది నవ్వింది, చిన్నది "ఇవెందుకమ్మా ఇంకా?" అంది. "నీకు పనికొస్తాయి" అన్నాను. అది మారు మాట్లాడకుండా "అమ్మ" లేబుల్ తగిలించింది.

ఇవాళ ఒక్కటి కూడా లేదు.

ఈసారి ఎవర్నీ పిలవలేదు, దుకాణానికీ పోలేదు. నా ఫోన్లో నేనే ట్రాష్ తెరిచాను. 31 అక్కడున్నాయి. తీసేసిన తేదీ జనవరి 17. శుక్రవారం, చిన్నది హాస్టలుకి బయల్దేరిన రోజు. నా అకౌంటు దాని ల్యాప్‌టాప్‌లో ఇంకా తెరిచే ఉందన్నమాట. ఒక బావి, మళ్ళీ రెండు గిలకలు.

నరసరావుపేటని మాత్రం బయటికి తీసి ఫోన్ చేశాను. వస్తామన్నారు. మిగిలిన 30 అలాగే ఉంచాను. గడువు ఫిబ్రవరి 16. వంటింట్లో క్యాలెండరు మీద ఆ తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. ఇదేమిటని ఆయన అడిగారు. పాల లెక్క అన్నాను.